పరుగు వానిది, ధ్వజ మెవ్వరిది?

1936 వ సంవత్సరము ఆగస్టు 9 వ తేదీ సాయంకాలమున బెర్లిను క్రీడారంగమందు విజేతల పీఠముపై ముగ్గురు నిలిచియుండిరి. నడుమ నిలిచినవానికి ఇరువదిమూడేండ్ల ప్రాయము. తలపై ఆకుల దండ, చేతిలో ఓక్ మొక్క నాటిన చిన్నకుండ. మారథాను పరుగున భూమండలమున నాడు వానికి సాటి లేరు. అట్టివాడు తలయెత్తి చూడవలసిన ముహూర్తమున తల వంచి నేలచూపులు చూచుచుండెను. చేతిలోని మొక్కను ఱొమ్మునకు హత్తుకొని పట్టుకొనియుండెను. ఆ మొక్క చాటున నున్నది జపాను సామ్రాజ్యపు సూర్యబింబము. పైకి లేచుచున్న జెండాయు జపానుదే; వాద్యములు వినిపించుచున్న గీతమును జపానుదే. పరుగెత్తి గెలిచినవాడు మాత్రము జపానువాడు కాడు.

అతని పేరు సోన్ కీ చుంగ్. కొరియా దేశపు ఉత్తరపుటంచున, యాలు నది యొడ్డున గల సినుయిజు పట్టణమున 1912 లో పుట్టినవాడు. అంతకు రెండేండ్లు ముందుగా, 1910 లోనే, జపాను కొరియాను తనలో కలుపుకొనియుండెను గనుక అతడు పుట్టుకతోనే పరాయి చక్రవర్తికి ప్రజ. బీద యింటి బిడ్డ. సియోలు నగరములోని యాంగ్‌జంగ్ పాఠశాలలో చదువుకొనుచు పరుగు సాధన చేసెను. 1935 నవంబరు 3 వ తేదీన టోక్యోలో 2 గంటల 26 నిమిషముల 42 సెకనులలో మారథాను ముగించి, అంతవరకు ప్రపంచమున నెవ్వరును చూపని వేగమును చూపెను. ఇట్టివానిని విడిచి బెర్లినునకు జట్టును పంపుట జపాను అధికారులకు సాధ్యము కాలేదు. పంపిరి, కాని పేరు మార్చి పంపిరి. ఆతని పేరు వ్రాయు చీనా యక్షరములను జపాను ఉచ్చారణముతో చదివి 'సోన్ కితేయ్' అని పట్టికల కెక్కించిరి. అతని తోడి కొరియావాడు నామ్ సుంగ్ యాంగ్ 'నాన్ షోర్యు' అయ్యెను. దేశమును తీసికొన్నవాడు పేరును మాత్ర మేల విడుచును?

ఆనాటి పరుగును గూర్చి కొంచెము చెప్పవలెను. ఆరంభమున అందఱికంటె ముందు సాగినవాడు 1932 నాటి విజేత, అర్జెంటీనా దేశీయుడు జబాలా. సోన్ ప్రక్కన పరుగెత్తుచుండినవాడు బ్రిటిషు పరుగువీరుడు ఎర్నీ హార్పరు. జబాలా వేగమును చూచి తొందరపడవలదు, అతడు తనంత తానే అలసిపోవునని హార్పరు సైగచేసి చెప్పెననియు, సోన్ ఆ మాట వినెననియు ప్రసిద్ధి. అట్లే జరిగినది, జబాలా వెనుకబడి, తుదకు పందెమునే విరమించెను. సోన్ 2 గంటల 29 నిమిషముల 19 సెకనులలో గమ్యము చేరెను. ఒలింపిక్ మారథానును రెండున్నర గంటలలోపల ముగించినవారిలో అతడే ప్రథముడు. రెండు నిమిషముల తరువాత హార్పరు, ఆ వెంటనే నామ్ వచ్చిరి. ఎదిరికి సలహా యిచ్చిన ఆ ఆంగ్లేయుని మేము మనసార మెచ్చుకొనుచున్నాము. ఆంగ్లేయులను మెచ్చుకొను నవకాశములు మా పత్రికకు తఱచుగా రావు.

గెలుపునకు ముందును తరువాతను బెర్లినులో సోన్ చేసిన పనులు చిన్నవి. సంతకము అడిగినవారికి జపాను లిపిలో గాక కొరియా లిపిలో తన నిజమైన పేరు వ్రాసి యిచ్చెను. కొన్నిచోట్ల ప్రక్కనే తన దేశపు ఆకారమును గీసెను. ఏ దేశమువాడవని యడిగిన విదేశ విలేఖరులకు కొరియావాడనని చెప్పెను. ఆ మాట పత్రికల కెక్కలేదు. మూడవ స్థానమున నిలిచిన నామ్ తరువాతి కాలమున ఒక మాట చెప్పెను. సోనునకు దక్కిన స్వర్ణపతకమును చూచి తనకు అసూయ కలుగలేదట. ఆ ఓక్ మొక్కను చూచి కలిగెనట. ఱొమ్ముమీది గుఱుతును మఱుగుపఱచుకొనుటకు నామ్ చేతిలో నేమియు లేకుండెను.

వారు వంచిన తలలను దాచిన గుఱుతును చూచి యర్థము చేసికొన్నవారు సియోలులోని పత్రికలవారు. డాంగ్-ఆ ఇల్బో అను దినపత్రిక ఆగస్టు 25 వ తేదీ సంచికలో సోన్ ఛాయాచిత్రమును ప్రకటించెను. ఆ చిత్రమున ఱొమ్ముమీది సూర్యబింబము లేదు. కుంచెతో చెఱిపివేసి అచ్చువేసిరి. అంతకు కొన్ని దినముల ముందే చోసన్ జుంగాంగ్ ఇల్బో అను మఱొక పత్రికయు ఆ గుఱుతును మసకచేసి ప్రకటించెను గాని అచ్చు చెడినదని తలచిరో యేమో, అప్పుడెవ్వరును పట్టుకొనలేదు. డాంగ్-ఆ చిత్రము మాత్రము గవర్నరు జనరలు కచేరి కంటబడెను. విలేఖరిని, చిత్రకారుని, మఱి పలువురను నిర్బంధించి హింసించిరి. కొందఱిని పత్రికావృత్తినుండియే తొలగించిరి. పత్రిక తొమ్మిది నెలలు మూతబడి 1937 జూను నెలలోగాని మరల వెలువడలేదు. రెండవ పత్రిక మూతబడి మరల లేవనేలేదు.

మాదియు ఈ వృత్తియే గనుక ఇచ్చట కొంత నిలువవలసి యున్నది. జామీనులు, జప్తులు, శిక్షలు అను మాటలు తెలుగు పత్రికల చరిత్ర చదివినవారికి క్రొత్తవి కావు. కాని చిత్రమును దిద్దుట వేఱు సంగతి. ఉన్నదానిని లేనట్లు చూపుట పత్రికాధర్మము కాదని మేమును ఒప్పుకొందుము. నేడు మా కచేరిలో నెవ్వడైన అట్టి పని చేసినచో ఊరకుండము. అయినను ఆ సియోలు సంపాదకులను తప్పుపట్టుటకు మాకు నోరు రాకున్నది. వారి యెదుట ఆనాడున్న దారులు రెండే. గుఱుతుతోడి చిత్రమును ప్రకటించినచో, కొరియావాని గెలుపు జపాను గెలుపని తమ చేతితో తామే తమ ప్రజలకు చెప్పినట్లగును. ఆ గుఱుతు బలవంతపుదని వ్రాయుదమన్న పత్రిక వీథిని ముట్టకముందే జప్తగును. మాటకు చోటు లేనిచోట వారు కుంచెను పట్టిరి. దానికి మూల్యము తామే చెల్లించిరి.

ఈ కథ మనకు పరాయిది కాదనుటకు ఒక నిదర్శనము కలదు. అదే బెర్లినులో, ఆఱు దినముల తరువాత, ఆగస్టు 15 వ తేదీన భారత హాకీజట్టు జర్మనీతో తుది యాటకు సిద్ధమగుచుండెను. జట్టునకు ధ్యాన్‌చంద్ నాయకుడు. మైదానమున వారికి లభించునది బ్రిటిషు భారతపు జెండా. అందుచేత జట్టు సహాయ వ్యవహర్త పంకజ్ గుప్తా దుస్తులు మార్చుకొను గదిలో కాంగ్రెసు త్రివర్ణపతాకమును విప్పి చూపెను. ఆటగాండ్రు దానికి వందన మొనర్చి మైదానమునకు పోయి 8-1 గా గెలిచిరి. కొరియా 1945 ఆగస్టు 15 న విడుదల పొందెను, మనము 1947 ఆగస్టు 15 న. మేము తిథివార నక్షత్రములను పట్టించుకొనువారము కాము గాని, ఈ తేదీని చూచినప్పుడు కొంచెము తడవు ఆగక తప్పదు.

ఇంతవరకు చదివినవారు, పరాయి జెండా క్రింద పరుగెత్తుట యెల్ల దాస్యమే యని తీర్మానింతురేమో. అట్లు తొందరపడుటకు వీలు లేదు. అల్జీరియాలో 1921 లో పుట్టిన ఆలెన్ మిమూన్ అను వానిని చూడుడు. అతని దేశమును ఫ్రాన్సు ఆక్రమించుకొనియే యుండెను. అతడు ఫ్రెంచి సైన్యమున చేరి, ఇటలీలోని కాసినో యుద్ధమున కాలికి గాయపడి, ఆ కాలు తీసివేయవలసిన స్థితినుండి తప్పించుకొని, అదే కాలితో 1956 లో మెల్బొర్నులో ఫ్రాన్సు పక్షమున మారథాను గెలిచెను. అప్పటికి అల్జీరియాలో స్వాతంత్ర్యయుద్ధ మారంభమై రెండేండ్లు. మిమూన్ ఫ్రాన్సును విడువలేదు; తాను ఫ్రెంచివాడనని గర్వముతో చెప్పుకొనెను. అతడు గెలిచి గమ్యమువద్ద నిలిచి, తన్ను పలుమారులు రెండవవానిగా నిలిపిన చెకొస్లొవేకియా మహావీరుడు జటోపెక్ ఆఱవవాడుగా వచ్చువఱకు వేచియుండి, కౌగిలించుకొనెను. మిమూనును మేము అనుసరించము. స్వజనుల పోరాటకాలమున పాలకుని జెండాను మోయుట మాకు మింగుడుపడదు. కాని అది అతడు మనసార మోసిన జెండా. సోన్ మోసినది అట్టిది కాదు. ఇద్దఱును పాలితదేశపు బిడ్డలే. ఒకడు దానిని చూపుకొనెను, ఒకడు దాచుకొనెను. పరుగెత్తినవాని నోట వినకుండ అతని దేశ మేదియో పట్టికను చూచి మనము చెప్పజాలము.

మన పల్లెలలో బండలాగు పందెములు చూడనివారుండరు. ఎడ్లు లాగును, యజమాని పేరు చాటింపబడును. నిరుడు ఒక యూరి జత యీయేడు అమ్ముడుపోయి మఱొక యూరి పేర లాగినను ఎవ్వరును ఎడ్లను అడుగరు. పరుగుకాండ్ర విషయమునను నేడు లోకము కొంత ఈ వరుసకే వచ్చినది.

కెన్యా దేశపు కొండసీమలలో పుట్టిన స్టీఫెన్ చెరోనో అను యువకుడు 2003 లో కతారు దేశమునకు పోయెను. అచ్చట అతని పేరు సైఫ్ సయీద్ షహీన్. నెలకు వేయి డాలర్లు జీవితాంతము ఇచ్చునట్లు ఒప్పందమని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఆ సంవత్సరమే పారిసు ప్రపంచపోటీలలో, అడ్డుకట్టలను నీటిగుంటను దాటుచు పరుగెత్తు 3,000 మీటర్ల పందెమున కెన్యావాడగు కెంబోయిని కొంచెములో మించి కతారునకు స్వర్ణపతకము గెలిచెను. ఆ పందెముననే అతని తోబుట్టువు అబ్రహాము చెరోనో కెన్యా పక్షమున పరుగెత్తెను. ఒక తల్లి బిడ్డలు రెండు దేశముల గుఱుతులతో ఒకే దారిని పరుగెత్తిరి.

భారతము చదివినవారికి ఇట్టిది వింత కాదు. మేనల్లుండ్రకు తోడగుటకు సేనతో బయలుదేరిన శల్యుడు దారిపొడుగున దుర్యోధనుడు చేయించిన విడుదులలో విందులు కుడిచి, అవి ధర్మరాజు చేయించినవనుకొని సంతోషించి మాట యిచ్చి, కౌరవపక్షమున చిక్కుకొనెను. అతనిని జూచి నవ్వుదుము. కాని కర్ణుని కథ వేఱు. రంగస్థలమున విలువిద్య చూప వచ్చినవానిని ముందుగా అడిగిన దేమి? నీ విల్లు చూపు మనలేదు. నీ వంశ మేది, నీ రాజ్య మేది యనిరి. అందఱును నవ్వుచుండగా అంగరాజ్య మిచ్చి నిలువ నీడ చూపినవాడు దుర్యోధనుడు. తరువాత కృష్ణుడే వచ్చి, నీవు కుంతి కొడుకవు, రాజ్యము నీదే యన్నను కర్ణుడు కదలలేదు. కతారునకు పోయిన కెన్యా యువకులను శల్యులని తిట్టుట సులభము. వారిలో కర్ణులెందఱో విచారించినగదా తీర్పు చెప్పవలెను.

విచారించిన తెలియు సంగతు లివి. కెన్యాలో మంచి పరుగుకాండ్రు ఎందఱున్నను, ఒక్కొక్క పందెమునకు ఒలింపిక్ క్రీడలకు పోగలవారు ముగ్గురే. నాలుగవవాడు అన్యదేశమున పుట్టియున్నచో పతకము గెలువగలవాడు. స్వదేశమున ఇంటివద్దనే కూర్చుండును. ఎంపికైనవారికైనను దేశాధికారుల ఆదరము ఎట్టిదో 2016 లో లోకము చూచినది: రియో క్రీడల తరువాత, ఆటగాండ్రకై వచ్చిన దుస్తులను కాజేసిరని కెన్యా ఒలింపిక్ సంఘపు టధికారులపై నేరారోపణలు జరిగెను. ఆ క్రీడల ధనమును దుర్వినియోగపఱచినందులకు మాజీ క్రీడామంత్రియే 2021 లో న్యాయస్థానమున దోషిగా తేలెను. ఆటగాని చొక్కాను తినువాడు ఆ చొక్కామీది జెండాను గూర్చి ఉపన్యసించుట మేము సహింపజాలము.

చెరోనో కథకు కొనసాగింపు కలదు. దేశము మార్చినవాడు మూడేండ్లు గడువనిదే ఒలింపిక్ క్రీడలలో పాల్గొనరాదు. పాతదేశ మొప్పుకొన్నచో గడువు తగ్గును. కెన్యా ఒప్పుకొనలేదు. 2004 లో ఏథెన్సున ఆ పందెమున మూడు పతకములును కెన్యావారే గెలుచుకొనిరి. షహీన్ ఆ క్రీడలలో లేడు. కొన్ని దినములకే సెప్టెంబరు 3 న బ్రస్సెల్సులో అతడు 7 నిమిషముల 53.63 సెకనులలో పరుగెత్తి ప్రపంచమునందలి పూర్వ వేగముల నన్నిటిని మించెను. ఆ వేగమును 2023 వఱకు ఎవ్వరును మించలేదు. 2008 లో దెబ్బచేత పోజాలకపోయెను. ఈ ప్రకారము, పందొమ్మిదేండ్లు ప్రపంచమున అగ్రస్థాన మందుకొన్నవాడు ఒక్క ఒలింపిక్ పందెమునైన పరుగెత్తకయే ముగించెను. ఇందు కెన్యాను తప్పుపట్టుదుమా? పట్టము. పిల్లవాడు ఇల్లు విడిచినపుడు తలుపు మూయుట తల్లికి చెల్లును. కాని ఇల్లు విడుచుటకు ముందు ఒక్కపూట అన్నము పెట్టినదా యని అడుగుట మాకును చెల్లును.

కొనుగోళ్లు మితిమీరుటచే అంతర్జాతీయ సంఘము 2017 లో దేశములు మార్చుటను నిలిపివేసి, 2018 లో క్రొత్త నిబంధనలు చేసెను. ఇరువదియేండ్లు నిండనివాడు మారరాదు. మారినవాడు మూడేండ్లు వేచియుండవలెను. ఒక్కమారు మాత్రమే మారవచ్చును. మంచివే. పసిపిల్లలను పశువులవలె తోలుకొనిపోవుటకు కొంత అడ్డు.

ఒక దేశము పిలిచినను పోక, ఏ దేశమును లేక పరుగెత్తినవాడును ఒకడు కలడు. గువోర్ మేకర్ అనువాడు దక్షిణ సూడాను బిడ్డడు. ఆ దేశము 2011 జూలై 9 న స్వతంత్రమయ్యెను. మఱుసటి యేడు లండను క్రీడలనాటికి దానికి ఒలింపిక్ సంఘము లేదు. శరణార్థిగా అమెరికాలో నున్న గువోరునకు అమెరికా పౌరసత్వమును లేదు. సూడాను, మా పక్షమున పరుగెత్తుమని పిలిచెను. యుద్ధమున తన బంధువు లిరువదియెనిమిదిమంది చనిపోయిరని చెప్పుకొన్నవాడు ఆ పిలుపును ఎట్లు స్వీకరించును? నిరాకరించెను. పరుగే పోవుననియు ఎఱుగును. తుదకు ఒలింపిక్ సంఘపు ధ్వజము క్రింద పరుగెత్త ననుమతించిరి. 2 గంటల 19 నిమిషముల 32 సెకనులలో 47 వవాడుగా వచ్చెను. నాలుగేండ్లకు రియోలో దక్షిణ సూడాను ధ్వజము అతని చేతికే వచ్చినది; ఆరంభోత్సవమున దానిని మోసినవాడు అతడే. 47 వ స్థానమున వచ్చినవాని పేరును పత్రికలు వ్రాయుట అరుదు. మేము వ్రాయుచున్నాము.

ఆ భాగ్యము సోనునకు పండ్రెండేండ్లు ఆలస్యముగ లభించెను. బెర్లినునుండి తిరిగివచ్చిన వీరుని జపాను పోలీసులు నేరస్థునివలె కనిపెట్టియుండిరి. పరుగుపందెములలో పాల్గొనరాదను షరతుమీదనే అతడు టోక్యోలోని మేజీ విశ్వవిద్యాలయమున చేరగలిగెను. ఇరువదినాలుగేండ్లకే ప్రపంచవిజేత కాళ్లు కట్టివేయబడెను. స్వాతంత్ర్యానంతరము శిష్యులను తీర్చెను. 1947 లో సు యున్ బోక్ అను శిష్యుడు బోస్టనులో 2 గంటల 25 నిమిషముల 39 సెకనులలో పరుగెత్తి గురువు వేగమునే మించెను. 1948 లో లండను క్రీడల ఆరంభమున కొరియా ధ్వజమును పట్టుకొని ముందు నడచినవాడు సోన్. 1950 ఏప్రిలులో బోస్టనున మొదటి మూడు స్థానములును కొరియావారికే దక్కెను; రెండు నెలలకు ఆ దేశమున యుద్ధము చెలరేగెను. 1988 లో సియోలు క్రీడలకు, డెబ్బదియాఱేండ్ల వృద్ధుడు జ్యోతిని పట్టుకొని చిన్నపిల్లవానివలె గంతులు వేయుచు క్రీడారంగమున ప్రవేశించెను. 1992 ఆగస్టు 9 న, సరిగా ఏబదియాఱేండ్లకు, బార్సిలోనాలో హ్వాంగ్ యంగ్ చో అను కొరియావాడు జపాను పరుగువీరుని మించి మారథాను గెలిచెను. సోన్ అచ్చట కూర్చుండి చూచుచుండెను. 2002 నవంబరు 15 న కన్నుమూసెను.

ఇంక మిగిలినది పట్టిక. 1936 నాటి మారథాను విజేతకై గ్రీకు పత్రిక యొకటి సమర్పించిన ప్రాచీన శిరస్త్రాణ మొకటి సోనునకు ఈయక బెర్లిను ప్రదర్శనశాలలో నుంచిరి. అది 1986 లో, ఏబదియేండ్లకు, అతని చేతికి వచ్చినది. ఓక్ మొక్క సియోలులో మానై, అతని పేరనే యున్న ఉద్యానవనమున నిలిచియున్నది. ఒలింపిక్ పట్టికలో మాత్రము నేటికిని 'కితేయ్ సోన్, జపాను' అనియే యున్నది. బెర్లిను క్రీడారంగపు విజేతల శిలాఫలకమునను అంతే. 1970 లో కొరియా శాసనసభ్యు డొకడు రాత్రివేళ లోపల ప్రవేశించి, జపాను పేరును ఉలితో చెక్కివేసి కొరియా పేరు మలచెను. అధికారులు మరల జపాను పేరే చెక్కించిరి. ఆ శాసనసభ్యుని ఆవేదన మాకు తెలియును. కాని ఆ పనిని మేము మెచ్చము. 1936 లో సియోలు పత్రికకు వేఱు నోరు లేదు; 1970 లో కొరియాకు రాయబారులు, సభలు, పత్రికలు అన్నియు గలవు.

చరిత్రను వక్రింపజేయుట యగునని చెప్పి ఒలింపిక్ సంఘము పట్టికను మార్చుటకు ఒప్పుకొనలేదు. 2011 లో అతని జీవితచరిత్ర పుటలో మాత్రము, అతడు కొరియావాడనియు పేరు బలవంతపుదనియు చేర్చినది. మా యభిప్రాయము కొరియా మిత్రులకు పూర్తిగా నచ్చకపోవచ్చును: పట్టికనుండి జపాను పేరును తీసివేయరాదు. ఆ నాడు ఆ జట్టు జపానుదే. ఆ బలవంతమును జపానే చేసినది. దానిని తుడిచివేసినచో ఆ బలవంతమునకు సాక్ష్యమును తుడిచివేసినట్లగును. కాని ఆ వరుసలోనే, జీవితచరిత్ర పుటలో గాక పతకముల పట్టికయందే, తల్లిదండ్రులు పెట్టిన పేరును, పుట్టిన దేశమును చేర్చవలెను. జపాను ఒలింపిక్ సంఘమే ముందుకు వచ్చి ఈ కోరిక కోరినచో అంతర్జాతీయ సంఘమునకు చెప్పుకొన సాకు మిగులదు.